బొటనవేలి గోరంత దయ్యం

నా చిన్నప్పుడు, తొంభైల నడుమ, వేసవి సెలవుల్లో ఒక శుక్రవారం మ్యాట్నీ. హాజరు: హాల్లో పదకొండు మంది, గేటు దగ్గర టికెట్లు చింపే భాయ్, పైన సినిమా వేసే మిషన్ గదిలో ఆపరేటర్ మా తాతయ్య, ఆయన అన్నం డబ్బాతో నేను.

హుస్సేనీ ఆలంలో మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఆ టాకీసు. తాతయ్యకు షుగర్. వేళకు తినకపోతే చేతులు వణికేవి. ఇళ్లకు కేబుల్ వచ్చాక కుటుంబ కథలకు జనం తగ్గి, మా టాకీసులో దయ్యాల బొమ్మలు మొదలయ్యాయి. మిషన్ గది మెట్లకు చీకటి బాల్కనీలోంచే దారి. తెరవైపు చూడకుండా గోడ తడుముకుంటూ నడిచేదాన్ని.

ఆ రోజు వెనక, తెర మీంచి కేక వినిపించి తిరిగాను. తెర నిండా కళ్లు లేని ఆడమనిషి ముఖం. నన్నే చూస్తోంది. డబ్బా జారి, అన్నమంతా మెట్ల పాలైంది. గోడకు అతుక్కుపోయాను.

భాయ్ టార్చితో వచ్చాడు. "ఏంది బేటీ, టికెట్ లేకుంట దయ్యాన్ని చూసినవా?" నాకు నవ్వు రాలేదు. చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లాడు.

తాతయ్య తిట్టలేదు. భాయ్ తెచ్చిన బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తిన్నాడు. రేపటి నుంచి రానని చెబుదామనుకున్నాను. వణుకుతున్న ఆ చేతులు చూసి చెప్పలేకపోయాను.

అయిపోయిన రీలును చేత్తో వెనక్కి చుడుతూ ఒకచోట ఆపి, ఫిల్మును బల్బుకు ఎదురుగా పట్టాడు. "ఇగో, గీమెనే గదా?"

అదే ముఖం, వరసగా ఎన్నోసార్లు. ఒక్కొక్కటి ఆయన బొటనవేలి గోరంత.

"నీకు భయం కాదా తాతా?"

"ఐతది బిడ్డా. దయ్యానికి కాదు, గా కుర్చీలకు." చిన్న కిటికీలోంచి ఖాళీ వరసలు చూపించాడు.

తర్వాత తన నోటుబుక్కు తెరిచాడు. ఏ ఆటకు ఎలాంటి బొమ్మ, ఎందరొచ్చారు, అన్నీ రాసి ఉన్నాయి. పాత పేజీల్లో దేవుళ్ల బొమ్మలకు హౌస్‌ఫుల్. ఆ తర్వాత కొట్లాట బొమ్మలకు సగం హాలు. చివరి పేజీలో దయ్యం, పదకొండు.

"రాస్తే భయం పోదు బిడ్డా. ఎంతుందో ఎరుకైతది, గంతే."

ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటున్న ఈ రోజుల్లోనూ, భయమేసినప్పుడు ముందు డైరీ తీసి ఆ భయం కొలత రాసుకుంటాను. ఆ టాకీసు మూతపడిన రోజునా అలాగే రాశాను.

అప్పుడు, ఆ మ్యాట్నీ మర్నాడు పొద్దున, తాతయ్య ఇచ్చిన మరో సగం వాడిన నోటుబుక్కులో నా మొదటి వాక్యం పడింది: 'దయ్యం తాత బొటనవేలి గోరంత.' తర్వాత, అమ్మ అడగకముందే, సొట్టపడిన డబ్బా కడిగి పొయ్యి పక్కన పెట్టాను.