అత్తమ్మకు కిటికీ పక్క సీటు

మా అత్తమ్మను ఒకసారి జడ్చర్లలో మరిచిపోయాం.

నా పెళ్లయిన కొత్తలో జరిగిందది. చుట్టాలమంతా బస్సు మాట్లాడుకుని మొక్కు తీర్చుకుని వస్తుంటే, టీ కోసం ఒక హోటల్ దగ్గర ఆగాం. అందరూ ఎక్కారనుకుని డ్రైవర్ బస్సు తీశాడు. ఆమె అప్పుడు లోపల హోటలాయనకు చట్నీలో ఉప్పు ఎంత వేయాలో చెబుతోంది. షాద్‌నగర్ దాటాక గాని ఎవరికీ గుర్తు రాలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక్కి వెళ్తే, బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, మావైపు చూడకుండా హోటలాయనతో, "ఎవలో ఒచ్చిన్రు చూడు అన్నా, వాళ్ల మనిషి ఎవలన్న పోయిన్రేమో అడుగు" అంది.

ఆ తర్వాత ఆ కథ మా ఇంట్లో ఏటేటా పెరిగింది. గంట కాస్తా పూటయింది. కొన్నేళ్లకు అందులో వాన కురిసింది. ఆ పైన పిచ్చికుక్క కూడా వచ్చి చేరింది. చెప్పడం అయిపోయాక కొడుకు వైపు ఒక చూపు చూసేది. ఆయన తల దించుకుని అన్నం కలుపుకునేవారు.

మా ఆయనకు చార్మినార్ దగ్గర గల్లీలో లేసులు, దారాల దుకాణం. పొద్దంతా రంగు చెప్పి, మీటరు చెప్పి వస్తారు కాబట్టి ఇంట్లో ఆయన నోటి నుంచి "ఊ" అని వచ్చిందంటే అదే పెద్ద ముచ్చట. అత్తమ్మ మంచాన పడ్డాక ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని, "నాకు ఇంకేం వద్దు బిడ్డా. గంగల కలుపనీకి తీస్కపోయేటప్పుడు నడుమల ఏడన్న ఇడ్సిపెట్టకు. ఒక్కపారి చాలు" అంది. ఆయన "ఊ" అన్నారు. గుళ్లో ప్రమాణం చేసేవాళ్లు కూడా అంత గట్టిగా చెయ్యరని ఆయన ముఖం చూసి నాకు తెలిసింది.

ఆమె వెళ్లిపోయింది. అస్థికలు ఏరి చిన్న కుండలో పెట్టి, కొత్త తెల్లగుడ్డ మూతికి కట్టారు. ఆ కుండ ఇంట్లోకి రాకూడదు, నేల మీద ఆనకూడదు. నదికి తీసుకెళ్లేదాకా చెట్టుకు కట్టి ఉంచాలి. కిషన్‌బాగ్‌లో మా గల్లీకంతా ఉన్నది ఒక్కటే చెట్టు, మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దావిడ వాకిట్లో జామచెట్టు. ఎలా అడగాలా అని నేను గుమ్మంలో నిలబడి కొంగు తిప్పుకుంటుంటే, ఖాలాయే అంది.

"అడుగుడేంది బేటీ. ముప్పొద్దుల మీ అత్త ఈ చెట్టు కిందనే కూసునేది. ఇప్పుడు జర మీదికెక్కి కూసుంటది. కట్టుండ్రి."

కుండ అక్కడున్నన్ని రోజులూ ఖాలా పొద్దున చాయ్ తాగుతూ చెట్టుతో మాట్లాడేదని, కాకి వాలితే "మా దోస్తు పండుకున్నది, పో" అని తోలేదని ఆ ఇంటి కోడలు చెప్పింది. ఆ తల్లికి, ఆ చెట్టుకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అత్తమ్మకు ఏ నదైనా గంగే, కృష్ణలో కలపడానికి బీచుపల్లికి వెళ్దామనుకున్నాం. పంతులుగారు రెండు మాటలు గట్టిగా చెప్పారు. మధ్యాహ్నం దాటితే అమావాస్య ఘడియలు, ఆ లోపలే కలపాలి. రెండోది, దారి పొడుగునా ప్రతి వంతెన దగ్గర, ప్రతి మలుపు దగ్గర కొడుకు ఆమెను పిలవాలి. పోయిన ప్రాణానికి దారి తెలియదు. "అమ్మా, ఇటు తిరుగుతున్నం, రా" అని చెబితే వెంట వస్తుంది. చెప్పకపోతే ఎక్కడ పిలవలేదో అక్కడే నిలబడిపోతుంది.

ఖాలా కొడుకు తన బండి తీశాడు. ఎయిర్‌పోర్టుకు తిప్పే పెద్ద బండి. మా ఆయన ఒళ్లో కుండ పెట్టుకుని నడుమ కూర్చున్నారు. ఒక పక్క నేను. రెండో పక్క, కిటికీ దగ్గర, చిన్నత్త. ఆమె మా అత్తమ్మకు చెల్లెలు. చాంద్రాయణగుట్ట నుంచి తెల్లారకముందే వచ్చి, అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. అక్కాచెల్లెళ్లిద్దరికీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కిటికీ దగ్గరే పంచాయతీ. ఈసారి పోటీకి ఎవరూ లేరు కదా అన్నట్టు కూర్చుని, కూర్చున్నాక కళ్లు తుడుచుకుంది.

గల్లీ మలుపు తిరిగాం. మా ఆయన పెదవులు కదిలాయి.

"ఏమన్నవ్?" అంది చిన్నత్త.

"పిలిచిన."

"నాకే ఇనపడలే, అక్కకు ఇనపడ్తదా?"

జూపార్కు దగ్గర కొత్త ఫ్లైఓవర్ వచ్చింది. అత్తమ్మ దాన్ని ఎన్నడూ ఎక్కలేదు. ఎవరు ఎక్కిద్దామన్నా, "ఆకాశంలకెల్లి పోయేటంత తొందర నాకేమున్నది" అని కింది రోడ్డు మీదనే పొమ్మనేది. మాకూ అదే మొదటిసారి. చెట్ల నెత్తులు కాళ్ల కింద కనిపిస్తున్నాయి. పావురాలు మాతో సమానంగా ఎగురుతున్నాయి. ఖాలా కొడుకు అటు చూడండి ఇటు చూడండి అంటున్నాడు. చిన్నత్త కిటికీలోంచి సగం బయటికి వంగింది. ఎప్పుడు ఎక్కామో ఎప్పుడు దిగామో తెలియలేదు.

శంషాబాద్ దాటింది. విమానం ఒకటి బండి మీద నుంచే పోయినట్టు పోయింది. చిన్నత్త దాన్ని చూస్తూ చూస్తూ ఆగి, మా ఆయన వైపు తిరిగింది.

"అరె, ఫ్లైఓవర్ మీద అక్కను పిలిచినవా?"

మా ఆయన చేతులు కుండ చుట్టూ బిగుసుకున్నాయి.

"పిలవలే."

ఖాలా కొడుకు మెల్లగా, "అయితే పెద్దమ్మ ఏడున్నట్టు?" అన్నాడు.

"ఏడుంటది" అంది చిన్నత్త. "పైకెక్కే మనిషా? కిందనే నిలబడ్డది. సంచి చంకల పెట్టుకొని ఒచ్చే బండి, పోయే బండి చూస్తున్నది."

నేను మనసులో రామనామం చెప్పుకుంటున్నాను. సంచి అనేసరికి నాకు అత్తమ్మ నిలువునా కనిపించింది, పెదవి విరుపుతో సహా. నవ్వొచ్చింది. చదువూ పూజా నాకు మా నాన్న ఇంట్లోనే నేర్పారు గాని, జపం నడుమ నవ్వొస్తే ఏం చేయాలో నేర్పలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"బండి తిప్పు" అన్నారు మా ఆయన.

"అన్నా, మధ్యాహ్నం లోపల పోవాలె గదా. ఇప్పుడు ఎనకకు పోతే..."

"తిప్పు."

మళ్లీ వెనక్కి వెళ్తే నది దగ్గర ఘడియ దాటవచ్చు. వెళ్లకపోతే తల్లిని రెండోసారి దారిలో వదిలేసినట్టే. ఆయన లెక్క అది. బండి తిరిగింది.

ఫ్లైఓవర్ కింద చెరుకురసం బండి దగ్గర ఆగాం. అత్తమ్మ ఎప్పుడూ ఆటో కోసం నిలబడే చోటు అదే. కుండ నేలకు ఆనకూడదు కాబట్టి మా ఆయన దిగకుండా, చిన్నత్త మీదుగా తల బయటకు పెట్టి, "అమ్మా, దా" అన్నారు.

"గట్ల పిలిస్తే నీ దుకాణంలకు గిరాకీ గూడ రాదు" అంది చిన్నత్త.

ఆయన గొంతు కొంచెం పెంచారు. చెరుకురసం ఆయన చక్రం ఆపి చూశాడు.

"ఎవరి కోసం అన్నా? అమ్మనా? ఇప్పుడే ఒక ముసలామె ఆటో ఎక్కి పోయింది."

చిన్నత్త ముఖం పాలిపోయింది. "సంచి ఉండెనా?"

"ఉండె."

"అయిపాయె" అని ఆమె సీటులో కూలబడింది. "పోయింది. ఇంటికి పోయింది."

ఖాలా కొడుకు స్టీరింగ్ మీద తల పెట్టేశాడు. నవ్వుకు వాడి భుజాలు ఊగుతున్నాయి, నుదురు ఆనిన హారన్ మోగుతూనే ఉంది. వెనక బండ్లవాళ్లు కూడా హారన్లు అందుకున్నారు. ఆ మోతలోనే వాడు తల్లికి ఫోన్ కలిపి సంగతి చెప్పి, స్పీకర్ పెట్టాడు. ఖాలా అంతా విని తాపీగా అడిగింది.

"కిరాయి కాడ లొల్లి అయిందా, అడుగు."

వాడు చెరుకురసం ఆయన్ను అడిగాడు.

"ఏం లొల్లి లేదు. చుప్‌చాప్ ఎక్కి కూసుంది."

"అయితే ఆమె కాదు" అంది ఖాలా. "ఫికర్ చెయ్యకుండ్రి. ఆడనే ఉన్నది, అలిగింది. తలుపు తీసి పెట్టుండ్రి జర సేపు. కిటికీ పక్కకు జాగ ఇయ్యుండ్రి. జాగ లేకుంట ఎట్ల ఎక్కుతది?"

అత్తమ్మ నిలబడే వైపు కిటికీ చిన్నత్తదే. ముగ్గురం ఆమె వైపు చూశాం.

"కిటికీ లేకుంటే నాకు వాంతులయితయి" అంది.

ఆమె కుండ వైపు చూసింది. "సచ్చి గూడ నా సీటే కావాలె దీనికి" అని గొణుగుతూ దిగి, వెనక సీట్లో పూల బుట్ట, నువ్వుల పొట్లాల మధ్య ఇరుక్కుని కూర్చుంది. కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. తలుపు బార్లా తెరిచి ఉంది. రోడ్డు మీద వాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు.

అప్పుడు మా ఆయన పిలిచారు.

"అమ్మా, దా. మర్చిపోలే, ఒచ్చిన. కిటికీ పక్కకు కూసో. ఈపారి పైకెల్లి పోదాం. భయమేం లేదు, నేనున్న గదా."

పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. అత్తమ్మ పోయిన రోజు కూడా రాని ఏడుపు నాకు అక్కడ, ఆ హారన్ల నడుమ, నవ్వుతో కలిసి వచ్చింది. ఆ మాటలు వినే భాగ్యం ఇచ్చినందుకు భగవంతుణ్ణి తలుచుకున్నాను. ఫ్లైఓవర్ కట్టినవాళ్లను కూడా తలుచుకున్నాను.

తలుపు వేశాం. ఇక ఆ తర్వాత మా నోళ్లకు మూత పడలేదు. "అమ్మా, ఎక్కుతున్నం." "పెద్దమ్మా, గట్టిగ పట్టుకో." "అక్కా, కిందికి చూడకు, కండ్లు తిరుగుతయి." మలుపుకు పిలిచాం, వంతెనకు పిలిచాం. స్పీడ్ బ్రేకర్ వస్తే "నడుము జాగ్రత్త" అని చెప్పాం. టోల్‌గేటు దగ్గర పక్క బండిలోని పిల్లలు ఖాళీ సీటుతో మాట్లాడుతున్న మమ్మల్ని చూసి కిటికీ అద్దానికి ముక్కులు ఆనించారు.

జడ్చర్ల వచ్చింది. ఆ హోటల్ ఇప్పటికీ ఉంది, రంగు మారింది. టీ మీద అందరికీ ప్రాణం లాగింది గాని, ఖాలా కొడుకు బండి నెమ్మది కూడా చేయలేదు. "ఈడ ఆపితే మన ఖాన్‌దాన్ మీద నింద పడ్తది" అన్నాడు.

వెనక నుంచి చిన్నత్త అరిచింది. "అక్కా, ఈడ దిగకు. చట్నీ సంగతి మళ్ల చూస్కుందువు."

మా ఆయన నవ్వారు. కుండ ఊగకుండా రెండు చేతులా పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. చావు జరిగిన ఇంటివాళ్లం ఇలా నవ్వవచ్చునా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. ఎవరి కోసం వెళ్తున్నామో ఆమె నవ్వని రోజు లేదు కదా అని సర్దుకున్నాను.

బీచుపల్లి చేరేసరికి ఎండ దాదాపు నెత్తి మీదికొచ్చింది. ఘాట్ దగ్గర పంతులుగారు సంచి సర్దుకుంటున్నారు. "ఇంత ఆలస్యమైతే ఎట్లండి?" అన్నారు.

"అమ్మను మరిచిపోయినం" అన్నారు మా ఆయన. "మళ్ల పోయి తెచ్చుకున్నం."

పంతులుగారు కుండ వైపు చూశారు, మా నలుగురి ముఖాలూ చూశారు. సంచి విప్పి దర్భలు తీశారు.

మంత్రాలయ్యాక మా ఆయన నడుము లోతు నీళ్లలోకి దిగారు. చిన్నత్త, నేను మెట్ల మీద నిలబడ్డాం. ఖాలా కొడుకు పై మెట్టు మీద చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన గుడ్డ విప్పి, పాలూ నువ్వులూ పూలూ వేసి, కుండను నీళ్ల మీదికి ఒంచి ఆగారు. మాకు వినపడేలాగే చెప్పారు.

"అమ్మా, గంగ ఒచ్చింది. ఇగ దిగు."

బూడిద తెల్లగా నీళ్ల మీద కొంచెం పరుచుకుని, పూలతో కలిసి ఒక సుడి తిరిగి, మెల్లగా సాగిపోయింది. మూడు మునకలు మునిగి, వెనక్కి చూడకుండా ఆయన మెట్లెక్కారు. వెనక్కి చూడకూడదు, తిరుగు దారిలో ఎక్కడా పిలవకూడదు అని పంతులుగారు మరీ మరీ చెప్పారు. పిలిస్తే మళ్లీ వెంట వస్తారట.

తిరుగు ప్రయాణంలో చిన్నత్త మళ్లీ కిటికీ పక్కకు చేరింది. మా ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. జడ్చర్లలో టీ తాగాం. చట్నీలో ఉప్పు ఎక్కువే. పొద్దు వాలుతుండగా ఆరాంఘర్ వైపు నుంచి అదే ఫ్లైఓవర్ ఎక్కాం. పొద్దుటి నుంచి పడిన అలవాటు, ఖాలా కొడుకు నోరు దానంతటదే తెరుచుకుంది.

"పెద్దమ్మా, ఎక్కుతున్నం, పట్టుకో."

అని నాలుక కరుచుకున్నాడు. చిన్నత్త వాడి భుజం మీద ఒకటి వేసింది. "పిలువొద్దన్నరు గదరా. ఎనకనే ఒస్తది ఇగ."

వాడు అద్దంలోంచి బిక్కముఖంతో మమ్మల్ని చూశాడు. ముందు సీట్లోంచి మా ఆయన, రోడ్డు వైపు చూస్తూనే, "రానియ్యి" అన్నారు.

శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు. చిన్నత్త చీర సర్దుకుని, కిటికీ పక్క నుంచి మెల్లగా నా వైపు జరిగి కూర్చుంది.