అవ్వ పింగాణి పళ్లెంలో నీళ్ల పురుగులు

మా చిన్నప్పుడు... పొద్దున్నే దిగుడుబావి నుంచి అమ్మ బిందె తెచ్చి దించగానే మా ఇంట్లో పరీక్ష మొదలయ్యేది. అవ్వ, అంటే నాయిన వాళ్లమ్మ, పాత నేతచీర ముక్కను నాలుగు మడతలు వేసి కడవ మూతికి కట్టి ఆ నీళ్లు వడగట్టేది. అక్కడితో అయిపోతే మా ఊరు లింగాల చుట్టుపక్కల అందరి ఇళ్లలాగే ఉండేది... మా అవ్వ ఆ గుడ్డను తెల్ల పింగాణి పళ్లెంలో జాడించి, ఎండలో ముందేసుకుని కూర్చునేది.

పళ్లెంలో ఏది కదిలినా దానికి అవ్వ దగ్గర ఒక జాతి ఉండేది. మెలికలు తిరిగే ఎర్రటిది బురదది... అది ఎక్కువగా కనిపిస్తే బావి అడుగు కదిలిందని, నీళ్లు తేరేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. రెండు కొసలతో అతుక్కుంటూ నడిచే జలగపిల్ల పశువులది... గొడ్లను అటు తోలొద్దని నాయినకు హెచ్చరిక. ఎవరి జోలికీ పోని మిగతావన్నీ నీళ్లవి. నాలుగో జాతి ఒకటుంది, మనిషిది. ఆ మాట అన్నప్పుడల్లా అవ్వ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమకాలి మడమ మీదికి పోయేది.

పెళ్లయిన కొత్తలో అవ్వకు నారికురుపు లేచిందట. తాగిన నీళ్లతో ఒంట్లోకి పోయి, ఏడాదికి కాలి పొక్కులోంచి దారంలా బయటికొచ్చే పురుగు. పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లు... అవ్వది సగంలో తెగింది. అప్పటి నుంచీ ఆ కాలు కుంటే.

నేనేమో చెబితే వినని ఎనిమిదేళ్ల పిల్లను. ఒక ఎండాకాలం బావి మెట్ల మీద ఆడి ఆడి, నోరెండిపోయి దోసిలితో తాగేశాను. గుటక దిగాక కనిపించింది... నీళ్లలో జానెడు పొడవున సన్నటి పురుగు, ముడులు పడుతూ విప్పుకుంటూ. మనిషిది ఇదే అనుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. దెబ్బలకు భయపడి కాదు... అవ్వకు ముఖం ఎలా చూపించాలో తెలియక. కాలు కాస్త దురద పెడితే చాలు, ఏడుపొచ్చేది. నాలుగో రోజు ముద్ద గొంతు దిగక, చివరికి అవ్వనే అడిగాను.

“అవ్వా... నా కాలుకు గూడ పుల్ల చుట్టాల్నా?”

సంగతంతా విని అవ్వ తిట్టలేదు. గుడ్డ, పళ్లెం చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బావికి నడిచింది. ఏళ్లుగా దిగని ఆ మెట్లను కూర్చుంటూ లేస్తూ దిగింది. గుడ్డతో దేవి దేవి, అలాంటి పురుగునే ఒకదాన్ని పట్టి పళ్లెంలో వేసింది.

“మనిషిది తెల్లగ, మెత్తగ ఉంటది. దీన్ని జూడు... నల్లగ, తీగె లెక్క ఉన్నది. మిడత కడుపులకెల్లి ఇది బయటికి ఎల్లంగ నా కండ్లతోని జూసిన. ఇది మిడతది బిడ్డా, మనిషిది గాదు.”

ఆ పూట రెండు జొన్నరొట్టెలు తిన్నాను.

మర్నాటి నుంచి అవ్వకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. రోజూ పొద్దుగూకేముందు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్లు కడిగి, ఆముదం రాసేది. వేళ్ల సందులు, మడమలు, పిక్కలు... వేలితో నొక్కి నొక్కి చూసేది. ఎందుకని అడిగితే, ఎండకు పగులుతాయనేది. అన్నలు మహారాణి అని ఎగతాళి చేస్తుంటే నాకు సిగ్గేసి కాళ్లు లాక్కునేదాన్ని.

మళ్లీ ఎండాకాలం వచ్చి పోతుండగా, ఏ పండగా లేని రోజున అవ్వ బచ్చాలు, అంటే బొబ్బట్లు, చేసింది. ఆ తర్వాత కాళ్లు కడగడం మానేసింది. ఎందుకు చేసిందో, ఎందుకు మానిందో నేను అడగలేదు... నెయ్యి వేసుకుని తినేశాను.

అవ్వ పోయాక అమ్మ చెప్పింది. మనిషి పురుగు పిల్లగా నీళ్లలో ఉన్నప్పుడు కంటికి కనపడదని దవాఖాన వాళ్లు అంతకుముందే ఊళ్లో చెప్పిపోయారట. బావి నుంచి వచ్చిన రోజే అవ్వ అమ్మను పక్కకు పిలిచిందట.

“కనవడ్డది మిడతదే. కనవడనిది ఏం తాగిందో ఎవరికెరుక? యాడాది దాక నేను జూస్త. పిల్లకు చెప్పకు, భయపడ్తది.”

మొన్న వానకు, మేమిప్పుడుంటున్న కల్వకుర్తిలో మా వాకిట్లో బకెట్లో అలాంటి నల్ల పురుగే కనిపించింది. మా అమ్మాయి ఫొటో తీసింది. నిమిషంలో ఫోను పేరు, కులగోత్రాలు అన్నీ చెప్పేసింది. ఇప్పుడు కుళాయి నీళ్లు... నారికురుపు దేశంలోనే లేదు. ఎంత మంచిదో.

కానీ ఫోను నా కాళ్ల వైపు చూడలేదు. ఏడాది పొడుగునా, పైకి నవ్వుతూ, లోపల వణుకుతూ నా పాదాలను వెతికిన ఆ చేతులు ఇక లేవు. వాటి నుంచి కాళ్లు లాక్కున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది...

మీకు తెలియనివ్వకుండా మీ కోసం భయపడినవాళ్లు ఎవరు? ఒక్కసారి వాళ్ల పేరు ఇక్కడ రాయండి... చదువుతాను.