రొట్టె తెల్లబడిన చలికాలం

ఆ ఏడాది నా నడుము చుట్టుకొలత మా మండలం సరిహద్దులతో పోటీ పడుతుండేది. బెల్టుకు కొత్త రంధ్రాలు పొడిచి పొడిచి చెప్పులు కుట్టే ఆయనకు చేయి నొప్పి పట్టింది. కర్నూలులో డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశాడు. తర్వాత నా కాలి బొటనవేలి మీద మూడు నెలలుగా మానని పుండును పరీక్షించి, నింపాదిగా అన్నాడు.

"వరి అన్నం మానెయ్యండి. రోజూ పొద్దున్నే నడవండి. ఆరు నెలలు చూద్దాం. అప్పటికీ మానకపోతే ఈ వేలు మీకు ఉండదు."

యాభై రెండేళ్లుగా నా వెంటే తిరిగిన వేలు. దాన్ని ఒక్కరోజు కూడా పలకరించి ఎరగను. ఆ రోజు బస్సులో కోయిలకుంట్ల దాకా దానివైపే చూస్తూ వచ్చాను.

మరుసటి రోజు నుంచి మూడు పూటలా సజ్జరొట్టె. మా ఆవిడ పొద్దున్నే అంగన్‌వాడీకి పోతుంది కాబట్టి రొట్టెలు తట్టే పని మా అమ్మది. ఆమె తట్టిన రొట్టె ఎంత పలచగా ఉంటుందంటే, దాని వెనకనుంచి పేపరు చదవొచ్చు. పెద్ద అక్షరాలైతే తప్పకుండా చదవొచ్చు. చీకటి విడవకముందే మా ఊరి చర్చి దగ్గర మొదలుపెట్టి, శనగచేల మధ్య మట్టిదోవలో నీళ్లు పారే వంక దాకా నడక. పోయి, వచ్చి, మళ్లీ పోయి. రెండు నెలల్లో నాలోంచి ఒక మనిషి దిగిపోయాడు. ప్యాంటులో మిగిలిన జాగాలో ఇంకొకరికి కాపురం పెట్టించవచ్చు.

సంతోషించేది నేనొక్కడినే. మా వైపు మనిషి సన్నబడటమంటే ఆరోగ్యం కాదు, చెడ్డ కబురు. పక్కింటి పెద్దాయన నన్ను ఆపి కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా, ఇట్లైపోతివే. డాక్టరు ఏమన్నాడు?"

"బాగుండావన్నాడు మామా."

"అట్లనే అంటార్లే. మన మొగం మీద చెప్పరు." తర్వాత గొంతు తగ్గించి, "ఆ దవడలు, ఆ నడక... అచ్చం మీ నాయనే అప్పా," అన్నాడు.

అప్పుడు మా అమ్మ గుమ్మంలోనే ఉంది. ఆ మాట చెవిన పడగానే లోపలికి పోయింది.

వారం తిరగకముందే ఇంటికి బన్నులు, బత్తాయిలు రావడం మొదలైంది. తెచ్చినవాళ్లు నా మంచం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని వదిలేవాళ్లు కాదు. ఆదివారం చర్చిలో అయ్యగారు జబ్బుపడినవాళ్ల కోసం ప్రార్థిస్తూ, నడుమ నన్నూ చేర్చాడు. నేను మూడో వరసలో, నిండు ఆరోగ్యంతో, మోకాళ్ల మీద ఉన్నాను. నా వెనక ఊరంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా, ఒక ముసలి గొంతు ఆమేన్ అంది. అది మా అమ్మది.

అప్పటికి మంచు రోజులు వచ్చాయి. మావాళ్లు శనగచేల మీద తెల్లగుడ్డలు పరిచి వదిలేస్తారు. శనగాకు మీది పులుపు మంచుతో కలిసి గుడ్డకు పడుతుంది. తెల్లారాక పిండుకుని సీసాల్లో దాచుకుంటారు, కడుపునొప్పికి మందు. పగలు చూస్తే అది వైద్యం. మసకచీకట్లో నల్లరేగడి మీద వరసగా పడుకున్న ఆ గుడ్డల మధ్య నడుస్తుంటే మాత్రం, ఎవరినీ నిద్ర లేపకూడదన్నట్టు అడుగులు వాటంతటవే మెత్తబడతాయి.

ఆ దోవలోనే నా వెనక అడుగులు వినపడటం మొదలైంది. నేను నడిస్తే నడిచేవి. ఆగితే, ఒక్క అడుగు ఆలస్యంగా ఆగేవి. తిరిగి చూస్తే మంచు, గుడ్డలు. వాటిని లెక్కపెట్టడం నేర్చుకున్నాను. పోయేటప్పుడు తొమ్మిది. వచ్చేటప్పుడు పది. నాకు లెక్కలు రావని బడిలో పంతులు చెప్పిన మాటే నిజమని సర్దిచెప్పుకుని, మిగిలిన దూరం ఎంత వేగంగా నడిచానంటే మా ఊరి కుక్కలు కూడా దారి ఇచ్చాయి.

ఇంతలో ఇంకో వింత. సన్నబడుతున్నాను, కానీ ఇంట్లో సూదితో గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర పెరుగుతోంది. ఎండుతున్న పుండు మళ్లీ తడిసింది. డాక్టరు నమ్మలేదు.

"దొంగతనంగా ఏం తింటున్నారు?"

"సజ్జరొట్టె తప్ప ఏమీ లేదు సార్."

"సజ్జరొట్టెకు వేలు పోదు. ఇంకొక్క నెల. అంతే."

ఇంటికొచ్చి కంచంలో రొట్టె వైపు మొదటిసారి సరిగ్గా చూశాను. అది తెల్లగా ఉంది. మొదట్లో నా అంత నల్లగా ఉండేది. రోజుకు కొంచెం చొప్పున, ఎవరూ గమనించకుండా, నా కంచంలోనే తెల్లబడుతూ వచ్చింది. తినాలనిపించలేదు.

మరుసటి తెల్లవారుజామున వంక దాకా పోయి, తిరిగి రాకుండా, తుమ్మచెట్టు చాటున నిలబడ్డాను. అడుగులు వచ్చాయి. దగ్గరికి వచ్చి ఆగాయి. చేనుగట్టున ఒక తెల్లగుడ్డ వంగి, మోకాళ్లు పట్టుకుని, ఆయాసపడుతోంది.

"అమ్మా," అన్నాను.

మా అమ్మ తల ఎత్తింది. తెల్లచీర అంచులు మోకాలి దాకా తడిసి ఉన్నాయి. కాళ్లకు చెప్పులు లేవు.

"ఈడ ఏం చేస్తాండావమ్మా? ఈ చలిలో?"

"నువ్వు యాడికి పోతాండావో చూస్తాండా."

"నడుస్తాండా అంతే కదా."

"మీ నాయన కూడా అదే అన్నాడు." ఆమె గట్టు మీద కూలబడింది. "ముందు బువ్వ మానేసె. గొంతు దిగలేదంట. ఆమీద ఒళ్లు తగ్గిపాయె. ఆమీద నిద్ర పట్టక తెల్లారకముందే ఈ దోవ పట్టినాడు. ఈ వంక కాడే పడి పానం ఇడిసినాడు. నేను ఇంట్లో పండుకొని ఉండా. తెల్లారినాక వచ్చి చెప్పినారు నాకు." తడిసిన చీర అంచు పిండుకుంది. "నీ వయసే అప్పుడు."

నాకు నవ్వించే మాటలు వెయ్యి వచ్చు. వాటిని పక్కనబెట్టి, తెల్లబడిన రొట్టె సంగతికి వచ్చాను.

"రొట్టెలో ఏం కలుపుతాండావు?" అని అడిగాను.

"బియ్యప్పిండి." తప్పు చేసినట్టు కాదు, మందు పేరు చెప్పినట్టు చెప్పింది. "మా కాలంలో పండగకు గానీ వరిబువ్వ దొరికేది కాదు. బువ్వ మానేసినోడు బతికినాడని నేను యాడా వినలేదప్పా. పిడికెడుతో మొదలుపెట్టినా. నువ్వు ఇంకా సన్నబడతాండావని పెంచినా."

ఆమె పక్కన కూర్చుని నా వేలు చూపించాను. బువ్వ తింటే ఈ వేలు తీసేస్తారని, తర్వాత కాలు పోతుందని, ఆ తర్వాత మనిషే పోతాడని, ఏ మాత్రం పెంచకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా జీవితంలో అలా మాట్లాడటం అదే మొదలు. ఆమె నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని శానాసేపు చూసింది.

ఒప్పందం కుదిరింది. ఆమె పిండి కలపదు. నేను వంక దాకా పోవచ్చు. కానీ ఆమె చర్చి మెట్ల మీద కూర్చుని పిలుస్తుంది, నేను పలకాలి.

"ఉండావా?"

"ఉండా."

మంచులో మనిషి కనపడడు, గొంతు మాత్రం దూరం పోతుంది. నెల తిరిగేసరికి రొట్టె మళ్లీ నల్లబడింది, పుండు మానింది. మా అమ్మ మొహంలో భయం పోయింది. అంతా బాగుంది, ఒక్క పొద్దు తప్ప.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. నేను ఇంకా వంక చేరలేదు. ఆమె పిలుపు వినపడింది. దగ్గొచ్చి, పలకడానికి నోరు తెరిచేలోపే, నా ముందు, వంక వైపు నుంచి, ఎవరో నెమ్మదిగా "ఉండా" అన్నారు.

నేను వెనక్కి తిరిగి చర్చి దాకా ఆగకుండా వచ్చాను. మా అమ్మ మెట్ల మీద ప్రశాంతంగా కూర్చుని ఉంది.

"అమ్మా, ఇందాక పలికింది నేను కాదు."

"తెలుసులే. ఆ గొంతు నేను మర్సిపోతానా," అంది, పక్కన జాగా చూపిస్తూ. "నువ్వొక్కనివే పోతాండావని ఇన్నాళ్లు ఊరికే భయపడితి."