అత్తయ్యగారి రెండో వేలు

మా అత్తగారు పోయి ఇంకా నెల కాలేదండీ. ఆ పొద్దున నేను ఏలూరులో, మెడికల్ కాలేజీలో, ఫస్టియర్ పిల్లలకి పాదం ఎముకలు చెబుతున్నాను. ఫోన్ మోగింది, చూస్తే మావయ్యగారు. ఆయన ఫోన్ చేయడమే వింత. ఆ ఇంట్లో ఫోన్ చేసేదీ, కబుర్లు చెప్పేదీ, కోప్పడేదీ, ఠక్కున పెట్టేసేదీ అంతా ఆవిడే. "అమ్మా, మీ అత్తయ్య లేవట్లేదమ్మా, ఒకసారి వస్తావా" అన్నారు. ఆ గొంతు వినగానే అర్థమైపోయింది. చేతిలో ఎముక బల్లమీద పెట్టేసి తాడేపల్లిగూడెం బస్సెక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. మధ్యలో ఆవిడ మాటలు గుర్తొచ్చి ఫక్కున నవ్వాను కూడా. పక్కసీటావిడ హడలిపోయి లేచి వెనక్కి వెళ్ళిపోయింది.

ఎందుకు నవ్వొచ్చిందో చెప్పాలంటే పెళ్ళిచూపుల నుంచి మొదలెట్టాలి.

మావయ్యగారిది గూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. పెళ్ళిచూపులకి ఆయనా, అత్తయ్యగారూ, మావయ్యగారి అక్కగారూ వచ్చారు. అబ్బాయి కూడా వచ్చాడు లెండి, ఆ రోజు ఆయన్నెవరూ పట్టించుకోలేదు. అక్కగారు నా మొహం చూడలేదు, నేరుగా కాళ్ళు చూశారు. బొటనవేలికంటే పక్కవేలు పొడుగ్గా ఉంటే ఆ పిల్ల మొగుణ్ణి కొంగున కట్టేసుకుంటుందని మా వైపు ఒక పట్టింపు ఉంది. నా వేళ్ళు పాసయ్యాయి. "పర్లేదు, అణకువైన కాలు" అన్నారావిడ. అణకువట! అప్పటికే అనాటమీ పీజీలో చేరి పొద్దస్తమానం శవాలు కోస్తున్నాను నేను.

ఆవిడ నా కాళ్ళు చూస్తుంటే నేనూరుకుంటానా? వాళ్ళందరి కాళ్ళూ నేనూ చూశాను. అత్తయ్యగారి పక్కవేళ్ళు రెండూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి, మెట్టెలు గచ్చుని గీకుతున్నాయి. "కాలికేమైనా దెబ్బ తగిలిందాండీ?" అని అడిగేశాను. మా అమ్మ నన్ను గట్టిగా గిల్లింది. అత్తయ్యగారు ఏమాత్రం తడుముకోకుండా "అబ్బే, గచ్చు చల్లగా ఉందమ్మా" అన్నారు. మే నెల, కరెంటు లేదు. అందరం విసనకర్రలతో విసురుకు చస్తున్నాం.

పెళ్ళయిన ఏడాదే నా థీసిస్ వచ్చిపడింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ పాదాలకి ఎక్స్‌రే తీయాలి. బొటనవేలి వెనక ఎముక ఎంత, పక్కవేలి వెనక ఎముక ఎంత, ఒకదానికొకటి ఏ పాళ్ళలో ఉన్నాయి అని కొలవాలి. మా ప్రొఫెసర్ గారి షరతు ఒకటే. నొప్పి ఉండకూడదు, దెబ్బ ఉండకూడదు, వంకర ఉండకూడదు. వినడానికి తేలికే. డాక్టరు ఎదురుగా కూచుని "నాకే నొప్పీ లేదండీ" అనే మనిషి మన జిల్లాలో ఉన్నారేమో మీరే చెప్పండి.

"నేనొస్తాను పద" అని అత్తయ్యగారు పులిహోర డబ్బా పట్టుకుని బయల్దేరారు. కొల్లేటి ఊళ్ళలో ఆదివారం చర్చి అయ్యాకా, చేపల చెరువుల గట్లమీదా నిలబడి "నొప్పుల్లేనివాళ్ళే రండమ్మా!" అని కేకలేసేవారు. ఊళ్ళో నొప్పులున్నవాళ్ళంతా వచ్చేసేవారు.

"కాలికేం లేదండీ, నడుమే" అన్నాడొక పెద్దాయన.

"మేం నడుములు కొలవమండీ" అన్నాను.

"పోనీ కాలు కొలిచి నడుముకి మాత్ర ఇవ్వండి" అన్నాడు.

ఏలూరు ఎక్స్‌రేకి ఎవరిని పిలవాలో నేను పైపై కొలతలు చూసి రాసుకుంటుంటే అత్తయ్యగారు పక్కన సొంత పరిశోధన పెట్టారు. కాలు చాపిన ప్రతి ఆడమనిషి చెవిలోనూ ఒకటే ప్రశ్న: "ఏమ్మా, మీ ఆయన నీ మాట వింటాడా?" చెరువు దగ్గర ఒకావిడకి పక్కవేలు చూడముచ్చటగా ఉంది, అంత పొడుగు. "వినడానికి తెలివిలో ఇంటికొస్తే కదండీ" అందామె. అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత ఆమెకి పులిహోరంతా పెట్టేశారు. ఆ పూట మాకు తిండి లేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో తన ఫలితాలు చెప్పారు. "ఎక్కడా కుదరట్లేదే అమ్మాయ్. పొట్టివేలు వాళ్ళ మొగుళ్ళు కుక్కిన పేనుల్లా పడున్నారు. పొడుగువేలు వాళ్ళ మొగుళ్ళేమో చెలరేగిపోతున్నారు." ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టారు. ఆవిడ పెళ్ళిలో మెట్టెలు తొడుగుతుంటే మావయ్యగారి అక్కగారు వంగి, పొడుగ్గా ఉన్న పక్కవేలు చూశారట. "అయ్యో తమ్ముడూ, నీ పని అయిపోయిందిరా!" అని పందిరంతా వినేట్టు అన్నారట. అప్పట్నుంచీ నలుగురిలో ఉంటే చాలు, వేలు ముడుచుకోవడమే.

"మీ మావయ్యగారికీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కొట్టుముందు నేను 'వాన పట్టేలా ఉంది, కర్నూలు సరుకు ఇప్పుడు దింపొద్దండీ' అంటే, పక్కింట్లో అక్కగారికి వినిపించేలా 'నీకేం తెలుసు, లోపలికి పో' అని అరుస్తారు. తర్వాత గోడౌన్‌లోకెళ్ళి లారీవాడికి ఫోన్ చేసి ఆపమంటారు. నా మాట వింటారమ్మాయ్. విన్నట్టు ఎవరికీ తెలియకూడదు, అంతే." ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "నాది చెడ్డకాలా మంచికాలా, మీ మెషీనైనా చెప్తుందేమో చూడు. ఒక్కసారి నలుగురిలో వేలు చాపుకుని కూచోవాలని ఉందే."

 మర్నాడే ఆవిణ్ణి కాలేజీకి తీసుకెళ్ళాను. వంకర ఉంటే లెక్కలోకి రాదు కాబట్టి ప్రొఫెసర్ గారు వేలు పట్టుకుని మెల్లగా లాగి చూశారు. చక్కగా సాగింది. "ఇది వంకర కాదమ్మా, అలవాటు. లెక్కలోకి తీసుకోండి" అన్నారు. తెరమీద ఎక్స్‌రే రాగానే అత్తయ్యగారు నా జబ్బ పట్టుకున్నారు.

"రెండోదే పొడుగు కదూ?"

"మామూలేనండీ. నేను కొలిచినవాళ్ళలో చాలామందికి లోపలి ఎముక రెండోదే పొడుగు. పైకి కొందరికి కనిపిస్తుంది, కొందరికి కనిపించదు. మీది నిక్షేపంలాంటి పాదం."

"అంటే లోపల అందరం గయ్యాళులమే అన్నమాట!" ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా వదినగారు కూడానా?"

ఇంకేముంది, వారం తిరక్కుండా వదినగారిని, అంటే అదే అక్కగారిని, ఏలూరు తెచ్చేశారు. అక్కగారు గంజిపెట్టిన చీర కట్టుకుని సన్మానానికి వచ్చినట్టు వచ్చారు. "నొప్పులేమైనా ఉన్నాయాండీ?" అనడమే ఆలస్యం, మడమ దగ్గర్నుంచి మెడదాకా ఏకరువు పెట్టారు. ప్రొఫెసర్ గారు చేతులు జోడించి "మన్నించండమ్మా, మీ పాదం మాకు పనికిరాదు" అన్నారు.

"నా కాలు పనికిరాదా? నా కాలా!"

దారిపొడుగునా అత్తయ్యగారు ఆవిణ్ణి ఓదార్చారు: "పోనీలెండి వదినా, అందరికీ రాసిపెట్టి ఉండద్దూ." అంత గంభీరంగా ఎలా అనగలిగారో నాకిప్పటికీ తెలీదు. ఇంటికొచ్చాక వంటింటి తలుపేసుకుని పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. థీసిస్ పాసయింది. ఆవిడ తిరక్కపోతే అన్ని పాదాలు నాకెక్కడివి? ఆ ఋణం నేను ఏ జన్మకీ తీర్చుకోలేను.

వేలు మాత్రం అలవాటు మానలేదు. నా ముందూ, మా ఆయన ముందూ టీవీ చూస్తూ హాయిగా చాపుకునేవారు. గేటు చప్పుడైతే చటుక్కున ముడుచుకునేవారు. నాకు ఒళ్ళుమండేది. "ఎక్స్‌రే చూశారుగా అత్తయ్యగారూ!" అంటే, "నేను చూశానే, ఊరు చూడలేదుగా" అనేవారు.

నేను గూడెం చేరేసరికి ఆవిణ్ణి హాల్లో పడుకోబెట్టారు. బజారంతా వచ్చింది. స్నానం చేయించి, కొత్తచీర కట్టి, పాదాలకి పసుపు రాసి, బొటనవేళ్ళు కలిపి దారం కట్టారు. పక్కవేళ్ళు రెండూ మెట్టెలతో తిన్నగా, బొటనవేళ్ళని దాటి నిలబడి ఉన్నాయి. అక్కగారు ఏడుస్తూనే వంగి చీర అంచు వాటిమీదకి లాగబోయారు. "నలుగురూ వస్తారు తమ్ముడూ, చూస్తారు" అన్నారు.

మావయ్యగారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. "కప్పకు అక్కా" అన్నారు. 

"చూడనీ. నేను దాని మాట వినే బతికానక్కా. కొట్లో కొన్నా అమ్మినా దాని మాటే. చాలా బాగా బతికాను."

అక్కగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గారు. మావయ్యగారు వచ్చి చీర అంచు పైకి మడిచి, ఆ పాదాల పక్కనే నేలమీద కూచున్నారు. దండం పెట్టడానికి ఎవరొచ్చినా కాస్త జరిగి చోటిస్తున్నారు, వేళ్ళు కనబడేలా.