పధ్నాలుగో గడి మీద పంది

“నా పంది మీద బండి పెడతారా సార్? అదీ మొహం మీద!”

“పంది వచ్చి నా చోట్లో పడుకుంటే నేనేం చెయ్యనమ్మా? లేవమన్నాను. లేవలేదు.”

“అది బొమ్మ సార్!”

“బొమ్మయితే దానికి నొప్పేంటి?”

ఆగస్టు శనివారం, ఎండకి తారు మెత్తబడుతున్న వేళ, మా వెల్డన్ హ్రూస్కా బడి పార్కింగులో పదిహేడేళ్ళ పిల్లతో ఇలా తగువులాడుతున్నాడు. నేను చీపురు పట్టుకుని వింటున్నాను. ఆపాలని నాకేమీ అనిపించలేదు.

టెక్సస్‌లో మా ఊరు డ్రై ఫోర్క్. ఊరి హైస్కూలు ఊడ్చి, తుడిచి, తాళాలు వేసే మా అందరికీ వెల్డన్ పెద్ద. అరవై మూడేళ్ళు. నడుముకి నూట పది తాళంచెవులు వేలాడుతుంటాయి. అందులో ఎనభై ఏ తలుపులవో ఆయనకే తెలియదు. పారేస్తే మర్నాడే ఆ తలుపు కనిపిస్తుందని భయం. నాలుగువందల మందికని కట్టిన బడి అది. ఇప్పుడు రెండువేల మూడువందల మంది ఉన్నారు. ఊళ్ళో ఏటా కొత్త ఇళ్ళ వరసలు లేస్తాయి, ఏటా లారీల మీద రేకు గదులొచ్చి పార్కింగులో దిగుతాయి. ఈ వేసవిలో ఆరు దిగి రెండు వరసలు మింగేశాయి. బళ్ళు పెట్టుకునేందుకు మిగిలిన గడులకి ఆఫీసువాళ్ళు కొత్తగా నంబర్లు వేశారు. అలా వెల్డన్ ముప్ఫై ఏళ్ళుగా బండి పెడుతున్న చోటు కాస్తా పధ్నాలుగో నంబరై, ఆఖరి ఏడాది, అంటే పన్నెండో తరగతి, పిల్లల వరసలో కలిసిపోయింది.

మా బళ్ళో ఆఖరి ఏడు చదివేవాళ్ళు చీటీ తీసి తలా ఒక గడి పుచ్చుకుంటారు. అందులో ఇష్టమొచ్చిన బొమ్మ వేసుకుంటారు. ఒకసారి బొమ్మ పడిందా, చదువు పూర్తయి పట్టా అందుకునేదాకా ఆ గడి వాళ్ళదే. ప్రిన్సిపాల్ కూడా దాని మీద బండి పెట్టరు. ఫుట్‌బాల్‌లో ఓడిపోయినా ఊరు సర్దుకుంటుంది గానీ, ఈ రూలు తప్పితే మాత్రం ఊరుకోదు.

పధ్నాలుగు మారిసోల్ కంటూ అనే పిల్లకి పడింది. తను పెంచిన పంది బ్రూటస్‌ని గడి నిండా వేసింది, గులాబీ రంగులో, మెడలో రిబ్బనుతో సహా.

“ఇంకోచోట పెట్టుకోండి సార్. ఇంత పార్కింగు ఉంది.”

“ఇంకోచోట వాలు లేదమ్మా.”

అసలు సంగతి అదీ. వెల్డన్ బండికి స్టార్టరు పోయి పదకొండేళ్ళయింది. సాయంత్రం బ్రేకు వదిలితే ఆ గడిలోంచి తనంతట తనే దొర్లుకుంటూ పోతుంది, గేరు వేయగానే దగ్గి లేస్తుంది. బాగు చేయించుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. “భూమి ఉండగా స్టార్టరెందుకురా?” అన్నాడు. ఆ నేల ఒకప్పుడు వాళ్ళ నాన్న జొన్నచేను. ఎక్కడెంత వాలుందో ఆయన పాదాలకి తెలుసు. ఆ వాలు పోతే ఆయనకి ఇల్లు తొమ్మిది మైళ్ళు, కాలినడక.

“పోనీ నీ పందిని పక్క గడిలో మళ్ళీ వేసుకోరాదూ?”

“బ్రూటస్ ఇప్పుడు లేడు సార్.” అంది మారిసోల్. “పశువుల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు కదా.”

“తెలుసమ్మా. చర్చిలో విందుకి నేనూ వెళ్ళాను. చాలా రుచిగా ఉన్నాడు.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల ఏడుపు విని, రేకు గదుల్లో బెంచీలు సర్దుతున్నవాళ్ళు కూడా వచ్చారు.

సోమవారం ప్రిన్సిపాల్ టాలివర్ గారు ఇద్దరినీ పిలిపించారు. నేను చెత్తబుట్ట మార్చే నెపంతో గదిలోనే ఉండిపోయాను.

“ఆ వరస ఆఖరి ఏడు వాళ్ళది వెల్డన్. రూలు రూలే.”

“నేనూ ఇక్కడే ఆఖరి ఏడు చదివానండీ. డెబ్భై తొమ్మిదిలో.”

“పట్టా తీసుకున్నారా?”

“లేదండీ. విత్తనాలు వేసి వస్తానని చెప్పి వెళ్ళాను. ఆ తర్వాత కలుపు. ఆ తర్వాత కోత. అలా అయిపోయింది.”

శనివారం మొదలైన మారిసోల్ ఏడుపు టక్కున ఆగింది. “పట్టా తీసుకునేదాకా అని కదా మేడమ్ రూలు? ఈయన తీసుకోలేదు. అంటే ఇంకా ఆఖరి ఏడే! ఈయనకీ ఒక గడి రావాలి!”

“అమ్మాయ్, ఈయనకి అరవై మూడేళ్ళు.”

“వయసు మాట రూల్లో లేదు. పైగా ముప్ఫై ఏళ్ళుగా రోజూ బడికొస్తున్నారు. మా అందరికంటే హాజరు ఎక్కువ.”

పాత రిజిస్టరు తెప్పించారు. వెల్డన్ పేరు ఎవరూ కొట్టెయ్యలేదు. టాలివర్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని, శుక్రవారం ఈయన చేత కూడా చీటీ తీయించమన్నారు.

ఆ వారమంతా సాయంత్రాలు ఆయన బండి నేనే తోశాను. నా నడుం సాక్షి.

శుక్రవారం జిమ్‌లో ఫుట్‌బాల్ హెల్మెట్ నిండా, ఇంకా ఎవరికీ పడని గడుల చీటీలు వేసి తెచ్చారు. పిల్లలు వెల్డన్ నెత్తిన కాగితం కిరీటం పెట్టారు. దాన్ని ఆయన మధ్యాహ్నం మరుగుదొడ్లు కడుగుతున్నప్పుడు కూడా తియ్యలేదు. చీటీ తీసేముందు కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు.

“నాలుగువందల పన్నెండు!” అని మారిసోల్ అరిచింది. జిమ్ దద్దరిల్లింది.

నాలుగువందల పన్నెండు బ్యాండువాళ్ళ గది వెనక ఉంది. ఈ వేసవిలోనే రోలరుతో చదును చేశారు. గడులు మార్చుకోవడం కుదరదు. ఆదివారం సాయంత్రానికల్లా బొమ్మ పడకపోతే గడి కూడా దక్కదు.

మేమిద్దరం వెళ్ళి చూశాం. వెల్డన్ జేబులోంచి, నేల గీసుకుపోకుండా మేం కుర్చీ కాళ్ళకి తొడిగే టెన్నిస్ బంతి తీసి గడిలో పెట్టాడు. కదల్లేదు. కాలితో తట్టాడు. రెండడుగులు దొర్లి ఆగిపోయింది. లోపల ఎవడో బూర ఊదుతున్నాడు, అదీ అపశ్రుతే.

“ఇప్పటికైనా స్టార్టరు వేయించు,” అన్నాను.

“చదువుకునేవాణ్ణి. నాకు తీరికెక్కడిదిరా?”

కిరీటం సరిచేసుకుని గడి చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

“నువ్వు కాలేజీలో రెండేళ్ళు బొమ్మలు గీయడం నేర్చుకున్నావు కదూ?”

“ఏడాదిన్నర. తర్వాత మానేశాను.”

“చాలు. రేపు రంగులు పట్టుకొచ్చి ఇందులో నాకొక వాలు గీసిపెట్టరా. మరీ నిటారుగా వద్దు. రెండో గేరు పడేంత ఉంటే సరిపోతుంది.”