దుర్గం రెండో భాగానికి మామ అడ్డుపుల్ల

మా ఉమామహేశ్వర్లు మామకు లోకంలో రెండోది ఏదీ నచ్చదు. మొదటిదే మేలంటాడు. దేనికైనా సరే, రెండోది వచ్చిందని తెలిస్తే చాలు, దాన్ని కళ్ళతో చూడకముందే తిట్టడం మొదలుపెడతాడు. పోయిన ఏడాది దాకా మామూలు మనిషే. ఉన్నట్టుండి ఈ జబ్బు పట్టుకుంది.

రామతులసమ్మ అత్త దోశలు పోస్తే మొదటిది పెనానికి అతుక్కుపోయి చింపిరి గుడ్డలా లేస్తుంది. మామ వెంటనే పళ్ళెం చాపుతాడు.

"ఇదే నాకు కావాల."

"అది కుక్కకు వేద్దామని పక్కన పెట్టినాను."

"దాని విలువ కుక్కకేం తెలుసు? మొదటిదే మేలు!"

ఎర్రగా, గుండ్రంగా వచ్చిన రెండో దోశ వాసన పక్కనుంచి వస్తుంటే, ఈయన గుటకలు మింగుతూ ఆ చింపులనే నములుతాడు. మూడోది తింటాడా అంటే తింటాడు. మూడోదానితో ఆయనకు తగాదా లేదు.

మార్కాపురంలో ఆయనకు గొర్రెల మందులు, పశువుల దాణా అమ్మే దుకాణం ఉంది. ఒకరోజు బేస్తవారిపేట నరసింహులు వచ్చాడు. ఆయనకు నలభై గొర్రెలు, ఎనిమిది ఆవులు.

"అన్నా, గొర్రెల కడుపు పురుగులకు పోయినసారి ఇచ్చిన నట్టల మందు భలే పనిచేసింది. ఇంకో సీసా ఇయ్యి."

"రెండో సీసా అంత పనిచెయ్యదు నరసింహులూ."

"అదే మందు గదన్నా?"

"మందు అదే. కానీ రెండోది."

సొంత సరుకును తానే తిట్టుకునే వ్యాపారిని మా జిల్లాలో ఇంకొకణ్ణి చూపించండి, ఆయన దాణా ఒక మూట నేనే మోసుకొస్తాను! ఇదంతా విన్న శ్రీదివ్య ఒకసారి నిలదీసింది. ఆమె మామకు రెండో కూతురు.

"అయితే నేనేంది నాయనా?"

మామ కంగారు పడ్డాడు. కాసేపు తల గోక్కుని, "నువ్వు రెండో భాగం కాదమ్మా, నువ్వు వేరే ఆట" అన్నాడు.

ఆట అనే మాట ఎందుకొచ్చిందంటే, మా అందరికీ ఉన్న పిచ్చి అదే. ఫోన్లో 'దుర్గం' అని ఒక ఆట ఉంది. ఆరుగురు కలిసి ఒక కోట కట్టుకుని, సైన్యాన్ని పోషించుకుని, శత్రువుల నుంచి కాపాడుకోవాలి. రోజుకు ఒక్కొక్కరు ఒకే ఒక్క ఆజ్ఞ ఇవ్వాలి. మా దండులో మామ, శ్రీదివ్య, నరసింహులు, కంభంలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆనంద్, గిద్దలూరు బడిలో లెక్కలు చెప్పే నేను. ఆరో మనిషిని మామే చేర్చాడు. పేరు రోశమ్మ, ఊరు పుల్లలచెరువు దగ్గర. మేమెవరమూ చూడలేదు. ఎవరో కాలేజీ పిల్లలు అవ్వ పేరు పెట్టుకుని ఆడుతున్నారనుకున్నాం.

ఎవరైతేనేం, ఆ రోశమ్మ ఆట చూసి తీరాల్సిందే. మేమంతా గుర్రాలను ముందు పెట్టి ఉరికేవాళ్ళం. ఆమె మాత్రం అందరికన్నా నిదానంగా నడిచే బండ్లను ముందు పెట్టి, గుర్రాలను వెనక నడిపించేది. "కుంటిదాన్ని ముందర పెడితే మంద చెదరదు" అని రాసింది. మేం పడీపడీ నవ్వాం. శత్రువు వచ్చినప్పుడు మా ఐదుగురి సైన్యాలూ చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. ఆమెది ఒక్కటే కోటకు క్షేమంగా చేరింది.

ఇట్లా మూడేళ్ళు ఆడాక 'దుర్గం రెండు' వచ్చింది. అబ్బ, ఏం ఆట! గుర్రం పరుగెత్తితే దుమ్ము లేస్తుంది, వాన పడితే గోడ తడుస్తుంది. రోజుకొక ఆజ్ఞ లేదు, ఎప్పటికప్పుడు యుద్ధమే. చిక్కు ఒక్కటే. దండు మొత్తాన్ని రెండో భాగానికి మారిస్తే మొదటి భాగంలో ఉన్న కోట చెరిగిపోతుంది. మారదామని మేం నలుగురం గంతులేశాం. మామ అడ్డం పడ్డాడు.

"దాంట్లో చెరువు తవ్వే పనే లేదంట! నీళ్ళు వాటంతటవే వస్తయంట! నీళ్ళు కరువైన మన పడమటి సీమలో పుట్టినోడు ఆడే ఆటేనా అది? కంభం చెరువు తవ్వినోళ్ళు వింటే ఉమ్మేస్తరు!"

"ఆడి చూడు మామా."

"చూడను. మొదటిదే మేలు."

ఎనిమిది నెలలు బతిమాలాం. ఆఖరికి విసుగొచ్చి, వచ్చే ఆదివారం మామ దుకాణంలో చేతులెత్తి తేల్చేద్దామని ఆనంద్ ప్రకటించాడు. నలుగురం ఒకవైపు కాబట్టి కోట ఆయుష్షు ఆదివారంతో సరి. మామ ముఖం మాడిపోయింది. ముసలాణ్ణి ఒప్పించి మారిస్తే బాగుంటుందని, శనివారం మధ్యాహ్నం నేను దుకాణానికి వెళ్ళాను.

మామ దాణా మూటలకు ఆనుకుని గురక పెడుతున్నాడు. చేతిలో ఫోను వెలుగుతోంది. తొంగి చూశాను. దుమ్ము లేపుకుంటూ గుర్రాలు! దుర్గం రెండు! వేరే పేరు పెట్టుకుని ఒంటరిగా నలభై ఒకటో మెట్టు దాకా వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది.

"మామా!"

ఉలిక్కిపడి లేచాడు. ఫోను దాచుకున్నాడు. లాభం లేదని తెలిసి మళ్ళీ తీశాడు.

"మమ్మల్ని ఎనిమిది నెలలు ఏడిపించి, నువ్విక్కడ ఆడుకుంటున్నావా? సిగ్గులేదా?"

"భలే ఉందిరా అల్లుడూ" అన్నాడు దీనంగా. "మొదటిది దీని కాలిగోటికి చాలదు."

"మరి ఎందుకు అడ్డం పడతన్నావు?"

మామ వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "రోశమ్మ నిజంగానే రోశమ్మరా. మందుల కోసం నా కాడికి వచ్చే మనిషి. ఈ రెండోది వచ్చే ముందే, మేకను దింపబోయి బండమీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకునింది. మొగుడూ కొడుకూ మందను తోలుకుని వలస పోయినారు. కోడలు పొద్దున్నే కూలికి పోతది. మంచం మీద ఒక్కతే. ఆ ఆటే ఆమెకు మందా, మనుషులూ."

"రెండోది ఆడొచ్చు గదా? కొత్త ఫోను మనమే కొనిద్దాం."

"ఫోను కాదురా, ఆ అడవి పక్కన సిగ్నల్ ఏడిది? రోజుకొక ఆజ్ఞ పోయేదే గగనం. ఎడతెగని యుద్ధం ఏడ ఆడతది?"

"ఆ మాట మాతో చెప్పొచ్చు గదా మామా!"

"ఆనంద్ నోట్లో నువ్వుగింజ నానదు. తన కోసం ఆగినామని తెలిస్తే ఆమె ఒక్క నిమిషం ఉండదు. 'మీరు పోండి నాయనా' అని తనే తప్పుకుంటది. నాది మొండితనమనుకుంటే ఎవరికీ నొప్పి లేదు."

నాకు ఇంకో అనుమానం వచ్చింది.

"మరి ఆ దోశ?"

"ఒక్క ఆటనే తిడితే మీకు అనుమానం రాదా? అందుకే కనపడిన ప్రతి రెండోదాన్నీ తిట్టినా." మామ నిట్టూర్చాడు. "ఎనిమిది నెలలురా! ఆ చింపులు తినలేక సచ్చిపోతన్నా."

ఆదివారం అందరూ చేరారు. ఆనంద్ చేతులెత్తమనబోతుంటే నేను లేచాను. "ఆగండి. దుర్గం రెండు పరమ చెత్త. ఫోను వేడెక్కి జేబు కాలిపోద్ది. కళ్ళు పోతయి. ఆ గుర్రాలు చూసినారా? గాడిదలు నయం!" అని అరిచాను. అందరూ నోళ్ళు తెరిచారు.

మామ ఓర్చుకోలేకపోయాడు. "గుర్రాలనేమీ అనొద్దురా. గుర్రాలు బంగారంగా ఉంటయి!"

శ్రీదివ్య నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నీకెట్ల తెలుసు నాయనా?"

ఇక చెప్పక తప్పలేదు. విన్నాక నరసింహులు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నాకు తెలిసుంటే ఆ మేకను నేనే దింపి వచ్చేవాణ్ణి గదన్నా" అన్నాడు. అంతలో ఐదు ఫోన్లూ ఒకేసారి మోగాయి. రోశమ్మ రాసింది: "ఏంది, ఆదివారమని అందరూ పండుకున్నారా? ఉత్తరం గోడకాడ శత్రువు దిగినాడు. గుర్రాలకు నీళ్ళు పెట్టకుండా ఏం రాజులయ్యా మీరు!"

ఐదుగురం మూటల మీద కూలబడి ఆజ్ఞలు పంపాం. చేతులెత్తడం సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

ఇది జరిగి నాలుగు నెలలు. ఆనంద్ ఇప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు, అదొక వింత. రోశమ్మ కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. మొన్న ఆమే అడిగింది: "రెండోది వచ్చిందంట గదా నాయనా, బాగుందంట?" మేం ఐదుగురం పోటీలు పడి "ఛీ, ఛీ, పరమ దండగ!" అని రాశాం. రాసేటప్పుడు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, చూస్తే నవ్వు ఆగదు.