దొర వేషం

పని మీద ఇంగ్లండు పోయినప్పుడు, ట్యూడర్ రాజుల కాలంనాటి వేషాలు కట్టే జాతరకు దోస్తు తీస్కపోయిండు. దొర వేషమాయన రాలేదని మఖ్మల్ కోటు నాకు తొడిగి, పెద్ద కుర్చీల కూసోవెట్టిండ్రు. మాది వీర్నపల్లి. మా తాత దొర గడి ముంగట చెప్పులిడిసి నిలవడ్డ కూలిమనిషి. కుర్చీ అంచు మీదనే కూసున్న.

ఒక తెల్ల ముసలమ్మ వచ్చి మోకాళ్లు వంచి దండం పెట్టింది. నేను దిగ్గున లేచి చేతులు జోడించిన.

"దొరలు లేవరు కొడుకా, కూసో" అని నవ్వింది.

"మా ఇంట్ల దొరలెవ్వలు లేరమ్మా" అన్న.

"మా ఇంట్ల మాత్రం ఎవలున్నరు? మా అమ్మమ్మ గసొంటోళ్ల బంగ్లల గిన్నెలు తోమింది. రేపు దొరసాని వేషం నాది. అప్పుడు నువ్వు మొక్కాలె."

ఇద్దరం పక్కున నవ్వినం. నేను మళ్ల కూసున్న, కాలు మీద కాలేసుకొని.